అమ్మ కట్టిన జావా

ప్రియమైన చిట్టితల్లికి,

మా ప్రెస్సులోకి కొత్త కంప్యూటర్ వచ్చింది. చూడ్డానికి బుద్ధిమంతురాలే గానీ నీ ప్రోగ్రాం పేరెత్తితే మూతి ముడుచుకుంటోంది. మామూలు అక్షరాలను చూపులేని పిల్లల కోసం చుక్కల బ్రెయిలీ అక్షరాలుగా మార్చడానికి, చదువుకునే రోజుల్లో నువ్వు రాసిచ్చిందే కదా. "జావా లేదు" అంటోంది, నీ ప్రోగ్రాం దానిమీదే నడుస్తుందట. మెకానిక్‌ను అడిగితే "ఈ రకం మిషన్‌కి రెడీమేడ్‌గా దొరకదమ్మా" అని చేతులెత్తేశాడు. బడి తెరవడానికి మూడు వారాలే ఉన్నాయి. ఒకటో తరగతి వాచకం ఒక్క పేజీ కూడా పడలేదు. ఫోన్ చెయ్యకు. ఈ యంత్రాల మోతకు నా చెవులు ఎప్పుడో రాజీనామా ఇచ్చేశాయి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉత్తరం రాయి.

మీ అమ్మ

ప్రియమైన అమ్మా,

దొరక్కపోతే మనమే కట్టుకుందాం! జావాను తయారుచేసే సోర్స్ కోడ్, అంటే దాని మూల రాత, అంతా బహిరంగమే, ఎవరైనా తీసుకోవచ్చు. డిస్కులో పంపుతున్నాను. తమాషా ఏమిటంటే, జావా కట్టాలంటే ముందు ఒక జావా ఉండాలి. పాలు తోడుపెట్టడానికి పెరుగు కావాలి కదా, అలాగ. మీ మిషన్ మీద నడిచే పాత జావా ఒకటి దొరికింది. నా ప్రోగ్రాంకు అది చాలదు గానీ తోడుకు సరిపోతుంది. మీ మిషన్‌ను నడిపే వ్యవస్థ యూనిక్స్‌లో ఒక రకం కాబట్టి, కట్టమని చెప్పడానికి 'మేక్' అని కాకుండా 'జీమేక్' అని టైపు కొట్టాలి. మిగతా మెట్లన్నీ వేరే కాగితం మీద రాశాను.

ముద్దులతో,
నీ చిట్టి

చిట్టీ,

మొదటి రోజు మిషన్ జ్ఞాపకశక్తి చాలక కూలబడింది. పనులన్నీ ఒక్కసారే నెత్తినేసుకుంటే ఎవరికైనా అంతేగా! రెండేసి చొప్పున చెయ్యమన్నాను, దారికొచ్చింది. ఇప్పుడు ఏ పూట మొదలుపెట్టినా ఒకే ఫైలు దగ్గర ఆగిపోతోంది. తప్పుల కాగితం జతచేశాను. మెకానిక్ "మనవల్ల కాదమ్మా, వదిలేద్దాం" అని కాగితం మీద రాశాడు. "ముప్పయ్యేళ్లుగా ప్రూఫులు దిద్దుతున్నాను నాయనా, ఫలానా చోట తప్పుందని అదే చెబుతుంటే వదలడమేమిటి?" అన్నాను.

అమ్మ

ప్రియమైన అమ్మా,

రెండు సాయంత్రాలు కూర్చున్నా నాకు అంతుపట్టలేదు. అలాంటి మిషన్ నా దగ్గర లేదు. కోడ్ రాసినవాళ్లను అడుగుతాను గానీ నెలలు పట్టొచ్చు. కళ్లు పాడుచేసుకోకు. ఈ ఏడాదికి పాత పుస్తకాలతో సరిపెట్టండి.

దిగులుతో,
చిట్టి

నా బంగారు చిట్టీ,

నీ మాట వినలేదు, కోప్పడకు.

ఆ ఫైలునూ దాని పక్క ఫైళ్లనూ కాగితం మీద అచ్చువేసి, స్కేలు పెట్టి వరసవరసా చదివాను. అర్థం కాకపోయినా తేడా తెలుస్తుందిగా! ఏయే యూనిక్స్‌లకు ఆ ఫైలులోని పని వర్తిస్తుందో చెప్పే జాబితా మూడు చోట్ల ఉంది. రెండింటిలో మన యూనిక్స్ పేరుంది, మూడోదాంట్లో జారిపోయింది. చేర్చాను. నిన్న మధ్యాహ్నం మేం అన్నాలు తింటుండగా మెకానిక్ పరుగెత్తుకొచ్చి, నాకు వినబడదని చేతిమీద రాసి చూపించాడు: "అయిపోయింది!" తిన్న చెయ్యి కడుక్కోకుండానే లేచాం. నీ ప్రోగ్రాం నడిచింది. మొదటి పేజీ తడిమి చూసిన బడి పాప ఒకతె "చుక్కలు కొత్తగా గుచ్చుకుంటున్నాయి" అని పకపకా నవ్విందట.

నేను చేర్చిన ఆ ఒక్క మాటను కోడ్ రాసినవాళ్లకు మెకానిక్ చేత ఈమెయిల్లో పంపించాను. ఇవాళ జవాబొచ్చింది. సవరణ తీసుకున్నారట! ఇలాంటి మిషన్ మీద కట్టి చూసి చెప్పేవాళ్లు వాళ్లకు ఎవరూ లేరట, ఇకమీదట ఆ బాధ్యత తీసుకుంటారా, ఇంతకీ ఏ కంపెనీలో ఇంజినీరండీ అని అడిగారు. చుక్కల పుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతానని రాశాను. బాధ్యత సంగతి అంటావా, నిన్నొక మాట అడగకుండానే ఒప్పేసుకున్నాను.

గర్వం ఇంకా దిగని,
మీ అమ్మ