నేను ఫ్యూజు పీకిన పాట

కిట్టూ,

అక్కను రాస్తున్నాను. నువ్వు పోయి ఎనిమిది నెలలు దాటింది. బాగున్నావా అని అడగడానికి నోరు రావడం లేదు, అడగకుండా మొదలుపెట్టడమూ చేతకావడం లేదు... బాగున్నావా?

నీ ‘వాయిదా’ ఆల్బమ్ ఊరంతా పాకింది. నమ్ముతావా? నువ్వున్నప్పుడు విన్నది పట్టుమని పది మంది కూడా లేరు. ఇప్పుడు అశోక్ నగర్‌లో నా కర్రీ పాయింట్ ముందు నిలబడి పప్పు, బెండకాయ వేపుడు కట్టించుకునే పిల్లలంతా చెవుల్లో నిన్నే పెట్టుకుని వస్తున్నారు. గ్రూప్స్ పరీక్ష వాయిదా పడిందంటే చాలు, ఎవరో ఒకరు నీ మొదటి పాట అందుకుంటారు. మొన్న ఒకమ్మాయి పాడుకుంటూ పాడుకుంటూ సాంబారు కవరు ఇక్కడే మరిచిపోయి వెళ్లింది. నువ్వుంటే “నీ సాంబార్ల ఉప్పు తక్కువైంది గానీ, నా పాట మీద నెట్టకు అక్కా” అనేవాడివి.

ఆదివారం పేపర్లో నీ మీద అర పేజీ రాశారు. తెలుగు రాక్ పాటకు ఇన్నాళ్లకు సొంత గొంతు వచ్చిందట. అన్నిటికన్నా అయిదో పాటను మెచ్చుకున్నారు. మంచి ఊపులో ఉండగా, మాట మధ్యలో టక్కున ఆగిపోతుంది కదా... అది పరీక్షల కోసం ఏళ్ల తరబడి చదివే పిల్లల బతుక్కి గుర్తట. పాటను అంత ధైర్యంగా ఆపినవాళ్లు లేరట.

ఆపింది నువ్వు కాదు కదా కిట్టూ. నేను కదా.

ఆ రోజు నీకు గ్రూప్-2 పరీక్ష. నాలుగోసారి. పొద్దున్నే పెరుగులో చక్కెర కలిపి తినిపించి, హాల్ టికెట్ పెట్టుకున్నావో లేదో చూసి మరీ పంపించాను. పరీక్ష రోజు అశోక్ నగర్‌లో మనిషి కనపడడు, ఎవరి కోసం వండాలని నేనూ కొట్టు మూసేసి చిక్కడపల్లి ఇంటికి వచ్చేశాను. సందు మొదట్లోనే డ్రమ్స్ వినిపించాయి. వెనక గదిలో కిటికీలకు నా దుప్పట్లు కట్టి, నీ స్నేహితుడు ఫయాజ్ వాయిస్తుంటే నువ్వు కళ్లు మూసుకుని పాడుతున్నావు.

ఒళ్లు మండిపోయింది. నేరుగా మీటరు దగ్గరికి వెళ్లి ఫ్యూజు పీకేశాను.

నువ్వు బయటికొచ్చి అన్నది ఒక్కటే. “గల్లీల సప్పుడు లేకుంట ఉండేది ఈ ఒక్క దినమే అక్కా. అందరు ఎగ్జామ్‌కు పోతరు. ఇంకెప్పుడు రికార్డు చెయ్యాలె?”

దానికి నేనేమన్నానో ఇక్కడ రాయలేను. అమ్మ పోయాక నా చేతుల మీద పెరిగినవాడితో అనాల్సిన మాట కాదు. సాయంత్రానికల్లా గిటారు తీసుకుని ముషీరాబాద్‌లో ఫయాజ్ ఇంటికి వెళ్లిపోయావు.

మూడు నెలలు. చిక్కడపల్లికీ ముషీరాబాద్‌కీ ఎంత దూరమని? నడిచి వెళ్లొచ్చు. నేను రాలేదు, నువ్వే వస్తావని కూర్చున్నాను. ఆల్బమ్ వచ్చిందని తెలిసినా వినలేదు. తర్వాత డెంగీ... నేను ఆస్పత్రికి వచ్చేసరికి నీకు మాట లేదు. నన్ను క్షమించి పోయావా, కోపంతోనే పోయావా? ఎవరిని అడగాలి?

పోయిన ఆదివారం బాగ్ లింగంపల్లిలో ఒక హాలు తీసుకుని ఫయాజ్ వాళ్లు నీ పాటలన్నీ పాడారు. నేను చివరి వరసలో కూర్చున్నాను. అయిదో పాటకు జనమంతా లేచి గొంతు కలిపారు. ఆ మాట దగ్గరికి రాగానే అందరూ ఒక్కసారిగా ఆగిపోయారు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత చప్పట్లు. నేను చేసిన పనికి చప్పట్లు కొడుతున్నారు కిట్టూ. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాడు ఫయాజ్ మనింటికి వచ్చాడు. ఒక కంపెనీ ఆల్బమ్‌ను మళ్లీ విడుదల చేస్తుందట. ఆ అయిదో పాటను నువ్వు వాళ్లింట్లో ఇంకోసారి, చివరిదాకా పాడావట. అది ఇన్నాళ్లూ తన దగ్గరే ఉందట. ఏది పెట్టాలో నన్నే చెప్పమని, నా ఫోన్‌కు పంపి వెళ్లాడు.

నాలుగు రోజులు వినలేదు. పూర్తి పాట చేతిలో ఉండీ తెగిన ముక్కనే ఎందుకు పెట్టావు? మా అక్క ఏం చేసిందో చూడండి అని లోకానికి చెప్పడానికా? అదొక భయం. ఇంకోటి చెప్పనా... నేను వినని నీ గొంతు ఇక అంతే మిగిలింది. అదీ వినేస్తే నువ్వు నాకు కొత్తగా చెప్పేది ఏముంటుంది?

ఇవాళ పొద్దున కుక్కర్ ఎక్కించి, పొయ్యి పక్కనే నిలబడి విన్నాను. పాట పూర్తయింది. బాగుంది రా, నిజంగా బాగుంది. తర్వాత గిటారు పక్కన పెట్టిన చప్పుడు, కొంచెం దగ్గు, ఆ వెనక నీ మాట.

“ఇది వద్దు ఫయాజ్. అక్క బంద్ చేసిందే ఉండనీ. నా పాటలల్ల అక్క ఉన్నది ఆ ఒక్క కాడనే.”

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. ఇవాళ కొట్టు తీయలేదు.

ఫయాజ్‌కు చెప్పేశాను, నువ్వు పెట్టిందే ఉంటుంది. నేను బతికుండగా ఆ పాట మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వను. పూర్తి పాట మాత్రం నా ఫోన్లోనే ఉంటుంది, ఎవరికీ ఇవ్వను.

నువ్వు పరీక్ష రాయలేదని నాకు కోపం లేదు కిట్టూ. ఆ మాట నేనే ముషీరాబాద్ నడిచి వచ్చి చెప్పాల్సింది.

నీ అక్క,
సుజాత