మధ్యలో ఎవరూ చదవరట

అక్కా,

నా వంకర అక్షరాలు, తప్పులు చూసి ఏమీ అనుకోకు. నాలుగో తరగతితోనే బడి మానేశాను కదా. నీ ఫోను ఎప్పుడూ పిల్లల చేతుల్లో ఉంటుందని కాగితం మీద రాస్తున్నాను.

మీ మరిది ఓడలో పనికి వెళ్లి ఏడు నెలలైంది. చాట్‌లో నేను రోజూ "తిన్నారా?" అని తప్ప ఇంకేమీ రాయలేదు. మనం పంపే ప్రతి మాటనూ ఆ చాట్ నడిపే కంపెనీ ఆఫీసులో ఎవరో చదివి పంపుతారనుకున్నాను. మొగుడికి రాసే మాట నలుగురూ చదివితే తలెక్కడ పెట్టుకోను? మొన్న ఆయన, "నేనంటే ఇష్టం లేకపోతే చెప్పెయ్, బలవంతం లేదు" అని రాశారు.

ఫోన్లు బాగుచేసే ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"పిచ్చిపిల్లా, నువ్వు పంపేటప్పుడే నీ ఫోను ఆ మాటలకు తాళం వేస్తుంది. తాళంచెవి మీ ఆయన ఫోనులోనే ఉంటుంది. ఎవరికి పంపావో కంపెనీకి తెలుస్తుంది గానీ, ఏం రాశావో తెలీదు," అంది.

"మీరు కూడా చదవలేరా?" అన్నాను.

"ఫోను తెరిచి నా చేతిలో పెడితే చదువుతా. పెట్టకు."

ఇంటికొచ్చి తలుపు వేసుకున్నాను. ఆయన వెళ్లేముందు గోడకు వంకరగా కొట్టిన మేకును అత్తయ్య పీకేస్తానంటే పీకనివ్వలేదనీ, రోజూ దాన్నే చూస్తూ పడుకుంటున్నాననీ రాసి, కళ్లు మూసుకుని పంపేశాను. ఆయన జవాబు వచ్చింది: "వచ్చే నెలే వస్తున్నా. అమ్మను ఆ మేకు ముట్టుకోనివ్వకు."

ఇప్పుడు రోజూ రాస్తున్నాను, ఏమిటో నీకు కూడా చెప్పను. ఈ కాగితం మాత్రం ఎవరి చేతికి చిక్కితే వాళ్లు చదివేస్తారు. బావ కంటపడేలోపు పొయ్యిలో వేసెయ్యి.

నీ చెల్లెలు