సుభాషిణి నవ్విన మాట

నూజివీడు

అక్కయ్యకు నమస్కారాలు. వేళకు తింటున్నాను, బెంగ పెట్టుకోకు.

నువ్వు అడిగిన నీ మరదలు సుభాషిణి ఆఖరి రోజు సంగతి ఇది. పొద్దున నేను చిన్నరసం మామిడి పిసికి ఇస్తే వద్దంది. సాయంత్రం మిచికో గారు వచ్చారు. ఇక్కడి కాలేజీలో జపనీసు నేర్పడానికి వాళ్ళ దేశం పంపిన టీచరు. సుభాషిణి ఆమె దగ్గర జపనీసు నేర్చుకుని, ఆమెకు తెలుగూ, రసం పిసికి జుర్రుకోవడమూ నేర్పింది. ఆమె పిసికి ఇచ్చిన కాయ మాత్రం సుభాషిణి తిన్నది. ఇద్దరూ జపనీసులో ఏదో అనుకుని నవ్వారు. ఏంటని అడిగితే, "మీకెందుకండీ, ఇది మా క్లాసు సంగతి" అంది. చీకటి పడ్డాక నిద్రలోనే పోయింది.

ఆ ఆఖరి నవ్వు నాతో నవ్వలేదని ఇప్పటికీ కడుపు మండుతోంది. నిన్న మిచికో గారు వచ్చి, "ఆ మాట తెలుగులో చెప్పమంటారా అండీ?" అన్నారు. నా భార్య మాట నాకు ఇంకొకరు విడమరచి చెప్పడం ఇష్టం లేదు. నాకు అర్థమయ్యే రోజున జపనీసులోనే చెప్పమన్నాను.

బావగారి మోకాలు ఎలా ఉంది? ఆవకాయకు కారం పంపు, కాయలు నేను పంపుతాను. పిల్లలకు ఆశీస్సులు.

రేపు పొద్దున కాలేజీకి వెళ్ళి మిచికో గారి క్లాసులో చేరతాను.

తమ్ముడు శేషగిరి