పొడవైన గొలుసు ఎవరిది?

ఆర్.కె. పురం, ఢిల్లీ
12 జనవరి 2006

రాజమండ్రిలో ఉన్న మా కెమిస్ట్రీ మాస్టారు తాతయ్యకి ఫెయిత్ వందనాలు.

తెలుగులో రాస్తేనే పాఠం చెప్తానన్నావు కాబట్టి చర్చి పాటల పుస్తకం పక్కన పెట్టుకుని, అక్షరాలు చూసుకుంటూ రాస్తున్నాను. ప్రీ-బోర్డులో కెమిస్ట్రీ పోయింది తాతయ్యా. ఆర్గానిక్‌లో పేర్లు పెట్టే ప్రశ్నలన్నీ తప్పే. మార్చిలో అసలు పరీక్షలోనూ ఇలాగే అయితే నర్సింగ్ సీటు రాదు. అమ్మలా నర్సు కావాలని నాకెంత ఆశో నీకు తెలుసు కదా.

ఇంట్లో చదువు సాగదు. పురిటికని సైమన్ మావయ్య, అత్త ఘాజియాబాద్ నుంచి మా క్వార్టర్‌కే వచ్చారు. పాపకి నెల నిండినా పేరు తేలలేదు. అత్తవాళ్లమ్మ లక్ష్మీకుమారిగారు 'అనుగ్రహ' అంటారు. మావయ్య 'నేహా' అంటాడు. అమ్మేమో పోయిన అమ్మమ్మ పేరు, 'సువార్త' అంటుంది. రెండు గదుల్లో మూడు పేర్లు, పొద్దస్తమానం అరుపులు.

నీ మనవరాలు,
ఫెయిత్

తా.క. ప్రస్తుతానికి పాప పేరు ఆసుపత్రి చీటీ మీద ఉన్నదే: బెడ్ నంబర్ 14.

*

రాజమండ్రి
21 జనవరి

ఫెయితమ్మని దేవుడు చల్లగా చూడాలి.

ఓసి మొద్దూ! ముప్ఫై ఏళ్లు ఊళ్లో పిల్లలందరికీ చెప్పాను, నా మనవరాలు తప్పడమా! రాసుకో. ముందు పొడవైన కార్బన్ గొలుసు పట్టుకో. అదే అసలు వంశం, మిగతావి కొమ్మలు. అడ్డంగా గీసిన గీతే గొలుసనుకోకు. వంకర తిరిగినా తెగకుండా ఉంటే దాన్నీ లెక్కపెట్టాలి. కొమ్మ ఏ చివరికి దగ్గరో అటునుంచి అంకెలు వెయ్యి. కొమ్మల పేర్లు ఇంగ్లీషు అక్షరాల వరసలో రాయి, అక్కడ పెద్దా చిన్నా లేదు. చివరి తోకే కుటుంబమేదో చెబుతుంది. తోక 'ఓల్' అయితే ఆల్కహాలు కుటుంబం. మీథేన్, ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్ రోజూ పైకి చదువు.

ఆశీస్సులతో,
సిలాసు తాతయ్య

తా.క. కళ్లజోడు విరిగింది. నీ ఉత్తరం సగమే చదవగలిగాను. పరీక్ష అని అర్థమైంది, అది చాలు.

*

ఆర్.కె. పురం
9 ఫిబ్రవరి

తాతయ్యకి వణుకుతూ వందనాలు.

నీ ఉత్తరమొస్తే ఆదివారం ప్రార్థనయ్యాక అమ్మ అందరికీ చదివి వినిపిస్తుంది కదా. ఇదీ చదివేసింది. అందరూ మొహాలు చూసుకున్నారు. చివరికి ఇది పాప పేరు గురించి నువ్వు పంపిన ఉపమానమని తేలింది. చర్చిలో అయ్యగారు ప్రసంగంలో చెప్పరూ, అలాంటిదన్నమాట.

అంతే, కొంప మునిగింది. 'వంకర తిరిగినా' అన్నది తననేనని మావయ్యకి కోపం. "ఘాజియాబాద్ వెళ్తే వంకర తిరిగినట్టా? అయినా తెగలేదుగా! పొడవైన గొలుసు మాదే, ఐదు తరాలు!" అన్నాడు. లక్ష్మీకుమారిగారు ఊరుకుంటారా? "దగ్గర చివరినుంచి లెక్కపెట్టమన్నారు అన్నయ్యగారు. బిడ్డకి దగ్గర తల్లి, తల్లికి దగ్గర నేను. ఒకటో అంకె నాది!" అన్నారు. అమ్మ మాత్రం "తోక, తోక" అంటూ తిరుగుతోంది. రోజూ నీ ఉత్తరం తీసి ఒక్కో వాక్యం మీద కొట్టుకుంటున్నారు.

ఫెయిత్

తా.క. నాన్న అమ్మని వంటింట్లోకి పిలిచి, "మధ్యలో ఆల్కహాలు మాటెందుకు? నా సంగతి మావయ్యగారికి ఎవరు చెప్పారు?" అని అడిగాడు.

*

రాజమండ్రి
20 ఫిబ్రవరి

ఫెయితమ్మకి ఆశీస్సులు. మిగతావాళ్లకి ఇంకా ఆలోచించలేదు.

హవ్వ! నేను చెప్పింది కార్బన్ సంగతి. సైమన్ గాడికి ఇంటర్లో కెమిస్ట్రీ నేనే చెప్పానే, వాడికైనా వెలగలేదా? ఒక్కటి విను. పదార్థానికి రెండు పేర్లుంటాయి, పుస్తకంలో ఒకటి, వంటింట్లో ఒకటి. పుస్తకంలో ఇథనోయిక్ ఆమ్లం, వంటింట్లో వెనిగర్. కొట్టుకెళ్లి ఇథనోయిక్ ఆమ్లం సీసా ఇమ్మని ఎవరూ అడగరు. పాపకి కూడా రిజిస్టర్లో ఏదో ఒకటి రాయించండి, ఇంట్లో ఏ మాటకి తల తిప్పితే అదే పేరు. నువ్వు మాత్రం పుస్తకం వదలకు.

సిలాసు

తా.క. మీ అమ్మమ్మ పేరు పెట్టకపోయినా నాకు బాధ లేదు. కొంచెం ఉంది.

*

ఆర్.కె. పురం
4 జూన్

నా బంగారు తాతయ్యకి గంతులేస్తూ వందనాలు.

కెమిస్ట్రీలో ఎనభై ఒకటి! పేర్ల ప్రశ్నలన్నీ రైట్! నర్సింగ్‌కి అప్లికేషన్ పెట్టేశాను. పరీక్ష హాల్లో ప్రశ్న చూడగానే మావయ్య గొంతులో 'పొడవైన గొలుసు', లక్ష్మీకుమారిగారి గొంతులో 'దగ్గర చివర' వినిపించాయి. నెలరోజులు వాళ్లు అరిస్తే నాకు కంఠతా వచ్చేసింది.

ఇప్పుడొక తప్పు ఒప్పుకోవాలి. ఆ రోజు ఉత్తరం ఉపమానమని చెప్పింది నేనే. ఈ ఇంట్లో అరుపులు ఎలాగూ ఆగవు, ఆ అరిచేదేదో నా సిలబస్ అరిస్తే పనికొస్తుందని. క్షమించేయ్.

మొన్న పాపకి బాప్తిస్మం అయింది. నీ రూలు ప్రకారమే ఇంగ్లీషు అక్షరాల వరసలో అనుగ్రహ నేహా సువార్త అని పెట్టారు. అమ్మమ్మ పేరు చివరికొచ్చింది. చివరి తోకే కుటుంబం చెబుతుందన్నావుగా తాతయ్యా! అమ్మ చర్చిలో ఏడ్చేసింది.

నీ మొద్దు,
ఫెయిత్

తా.క. అయ్యగారు ఎత్తుకోగానే పాప గుక్కపట్టింది. మూడు పేర్లతోనూ పిలిచారు, ఆగలేదు. జనవరి నుంచి దాన్ని ఒళ్లో పెట్టుకునే కదా నేను పైకి చదివింది! చెవి దగ్గర మీథేన్, ఈథేన్, ప్రొపేన్ అన్నాను. 'బ్యూటేన్' అనగానే కిలకిలా నవ్వింది. ఇప్పుడు అందరం అలాగే పిలుస్తున్నాం. పక్కింటి ఆంటీ "కిత్నా ప్యారా నామ్ హై, ఆప్‌కే చర్చ్ కా హై నా?" అని, అంటే ఎంత ముద్దు పేరో, మీ చర్చి పేరే కదా అని అడిగితే, అమ్మ "హాఁ జీ" అనేసింది.