భూమన్న ఇంటి వంతు

కోరుట్ల, 1969

అక్కకు తమ్ముడు దేవేందర్ దండాలు. గొడవల్లో నాకు దెబ్బలేమీ తగల్లేదని అమ్మకు చెప్పు.

మల్లాపూర్ పక్క పల్లెకు కొత్త బస్సు పడిందనీ, నేనే కండక్టరుననీ రాశాను కదా. ఆ ఊరివాళ్లే మట్టి మోసి బాట వేసుకున్నారు. రాత్రి అక్కడే ఆగే మాకు ఇంటికో రోజు వంతున అన్నం పెట్టేవాళ్లు. తెలంగాణ ఉద్యమం వచ్చాక బస్సు తిరగకుండా ఆ బాటకే రాళ్లు అడ్డం పెట్టారు. బాట కోసం అందరినీ కూడగట్టిన భూమన్నే మొదటి రాయి పెట్టాడు. ఆ రాత్రి మాకు అన్నం పెట్టే వంతు ఆయనదే.

పోయిన వారం ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఊరివాళ్లు ఎడ్లబండిలో పడుకోబెట్టి, తాము పెట్టిన రాళ్లు తామే తీసుకుంటూ కోరుట్ల ఆస్పత్రికి బయలుదేరారు. సగం దారిలోనే ప్రాణం పోయింది.

నేనూ డ్రైవరు బుర్హానుద్దీన్ భాయీ నడిచిపోయి ఆ ఇంటివాళ్లను పలకరించాం. భూమన్న బిడ్డ శాంత, "గానాడు మా వంతుండె అన్నా, మీరు రాకపోతిరి. బాపు ఊకె గదే యాదిజేస్తుండె. బస్సు నడిస్తే ముందుగాల మా ఇంటికే రాన్రి" అంది.

అమ్మ కంటి మందు తెప్పించావా? సిరిసిల్లలో బందు రోజున బావను బయటికి పోనివ్వకు. పిల్లలకు ముద్దులు. బస్సు మళ్లీ నడవాలని మొక్కుకో అక్కా. నడిచిన రాత్రి ఆ ఇంట్లో ముద్ద ఎట్లా మింగాలో కూడా నువ్వే రాయి.