నాలుగు బెజ్జాలు, ఒక కోత

బెంగళూరు,
శనివారం.

లక్ష్మక్కకు చెల్లెలు సరోజ నమస్కారాలు.

నువ్వు, బావ, పిల్లలు అందరూ బాగున్నారని తలుస్తాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? బావ బీపీ మాత్రలు మరవకుండా వేసుకుంటున్నాడా? మేము ముగ్గురమూ ఇక్కడ బాగున్నామని రాయాలి, ఉత్తరానికి అదే కదా మర్యాద. తింటున్నాను, తిరుగుతున్నాను, ఆ మేరకు బాగానే ఉన్నాను. మిగతాది చదివి కంగారు పడకు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావు. ఫోను మీ మరిది జేబులో ఉంటుంది. ఆయనకు చెవి మందం, ఎప్పుడూ స్పీకరే. ఉన్నది ఒక్క గది. నువ్వు ఎమ్మిగనూరులో దగ్గితే ఇక్కడ ముగ్గురికీ వినబడుతుంది. నీ ఒక్కదానితోనే చెప్పాల్సిన మాట ఉందక్కా. నేనొక తప్పు చేశాను. అది నువ్వు మీ మరిది నోట వినేలోపు నా రాతలో చదవాలని రాస్తున్నాను. ఆసుపత్రిలో పరిచయమైన ఆదోని ఖాజాబీ సోమవారం ఊరికి పోతోంది. ఆమె కొడుకు బస్సెక్కి వచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు. అతనికి ఒక ముద్ద అన్నం పెట్టి పంపు.

ఊరు విడిచి పది నెలలైంది కదా. మీ మరిది అపార్టుమెంటు గేటు దగ్గర నిలబడతాడు, మావాడు మహేశ్ బండి మీద పార్సిళ్లు తిప్పుతాడు, నేను మెట్లు తుడుస్తాను. మాకిచ్చిన గది మెట్ల కింద, కార్లు నిలిపే చోట. కిటికీ ఉంది గానీ తెరిస్తే కారు వెనక డిక్కీ కనబడుతుంది. పట్టపగలు కూడా లైటు వేసుకోవాలి. ఎండ చూడాలంటే గేటు దాకా నడవాలి, గేటు దాటాలంటే ఎవరో ఒకరు ఎక్కడికని అడుగుతారు. ఇక్కడి సాంబారులో బెల్లం వేస్తారు, నా నోటికి పట్టదు. జొన్నపిండి దొరుకుతుంది, మన రొట్టె మాత్రం రాదు. పొద్దున్నే మగ్గం చప్పుడు లేకుండా లేవడం ఇప్పటికీ అలవాటు కాలేదు. ఊరికే కూర్చుంటే కాళ్లు వాటంతటవే తొక్కుతుంటాయి. మహేశ్ చూసి నవ్వుతాడు.

గర్భసంచి లోపలి పొరలో క్యాన్సరని, మొదట్లోనే దొరికిందని ఫోనులో చెప్పాను. ఎలా మొదలైందో చెప్పలేదు. నీకే తెలుసులే. ముట్టు నిలిచిపోయి మూడేళ్లయ్యాక ఒకరోజు నేను మగ్గం మీంచి లేచి నీ రాట్నం దగ్గరికి వచ్చాను. "అక్కా, మళ్లీ బయట చేరినట్లుండాది" అన్నాను. నువ్వు కండె చుట్టడం ఆపి, "యాభై మూడేండ్లకు మళ్లీ పడుచుదానివైతివే" అని నవ్వావు. నేనూ నవ్వాను. ముట్టయితే మన ఇంట్లో మగ్గం తాకం కాబట్టి మూడు రోజులు దూరంగా ఉన్నాను, నాలుగో రోజు తలకు పోసుకుని మగ్గం గుంతలోకి దిగాను. పై నెలా అంతే, ఆపై నెలా అంతే. మగ్గం తాకకుండా ఉంటే చేయాల్సింది చేసినట్లే అనుకున్నాం. ఇక్కడ తాకడానికి మగ్గమే లేదు, అయినా ఆ రోజుల్లో దేవుడి పటం వైపు పోకుండా ఉండేదాన్ని. ఒకరోజు మెట్ల మీద కళ్లు తిరిగి పడితే మూడో అంతస్తు టీచరమ్మ ఆటోలో వేసుకుని పోయింది.

డాక్టరమ్మ మదనపల్లి పిల్ల, మన తెలుగే. "ముట్టు ఆగిపోయినాక ఒక్క చుక్క కనబడినా చూపించుకోవాలమ్మా" అన్నది. నాకు నీ నవ్వు గుర్తొచ్చింది. నిన్ను అనడానికి రాయడం లేదక్కా. ఆ తప్పు మనిద్దరిదీ, చెరి సగం. నీ సగంకంటే ఎక్కువ నువ్వు మోయొద్దు. ఆడపిల్లలకు మాత్రం ఈ సంగతి చెప్పు.

ఇక అసలు సంగతి. గర్భసంచి తీసేయాలి. తీయడానికి రెండు దారులట. పొట్ట నిలువునా కోసి తీయడం ఒకటి, నాలుగైదు చిన్న బెజ్జాలు పెట్టి, ఒకదాంట్లోంచి కెమెరా పంపి లోపల కోసి, కింది దారిన బయటికి తీయడం ఒకటి. పరీక్షలకని నన్ను రెండు రోజులు వార్డులో ఉంచినప్పుడు రెండు రకాల వాళ్లనూ చూశాను. ఖాజాబీకి బెజ్జాలది. నాకున్న రోగమే. మర్నాడే లేచి నడుస్తూ నా మంచం దగ్గరికి వచ్చింది. "దూర్బీన్ ఆపరేషన్ సరోజమ్మా. నాలుగు బెజ్జాలంతే. మా ఇంట్ల బురఖాకు కూడా అంతకంటే ఎక్కువ సిరుగులుండాయి" అన్నది. భుజాలు మాత్రం రెండు రోజులు లాగాయట, లోపలికి గాలి పట్టిస్తారు కదా, దానివల్ల. అవతలి మంచం మీద తుమకూరు ఆవిడకు కోత. గర్భసంచి బాగా పెద్దదై ఉండటంతో ఆమెకు అదే మంచిదన్నారట. నాలుగో రోజున కూడా దగ్గు వస్తే రెండు చేతులతో దిండును పొట్టకు అదుముకునేది. ఆమె దగ్గినప్పుడల్లా నాకు నువ్వు కనబడ్డావు.

మీ మరిది మాత్రం కోతే కావాలని పట్టు పట్టాడు. "సందులోంచి తీస్తే ముక్క మిగిలిపోతే ఎవరు సూస్తారు? తెరిసి కళ్లార సూసి తీస్తేనే నాకు ధైర్యం" అంటాడు. మహేశ్ కూడా నాన్న మాటే. భయంతోనే అంటున్నారని తెలుసు, అందుకే ఎదురు చెప్పడం కష్టమైంది. చివరికి ఆయన ఒక మాటన్నాడు. "వదినకు ఆదోనిలో కోసే తీసిరి కదా, ఆమెకేమైంది? గట్టిగుండాది."

నీకేమైందో నాకు ఒక్కదానికే తెలుసు. బావ సంతకు పోయిన రోజు తలుపు వేసి నాకు చూపించావు. కోత పక్కన పిడికిలంత ఉబ్బు. నేసిన బట్ట చుట్టుకునే కర్ర పొట్టకు ఆనితే నొప్పి తట్టుకోలేక మగ్గం వదిలి రాట్నం పట్టావు. మోకాళ్ల నొప్పి అని అందరికీ చెప్పావు. "ఎవరికీ సెప్పొద్దు, సెప్తే మళ్లీ కోయిస్తారు" అని నా చెయ్యి నీ తల మీద పెట్టించుకుని ఒట్టు వేయించావు. ఇన్నేళ్లూ నోరు మూసుకునే ఉన్నాను. మీ మరిది నిన్ను రాట్నం రాణి అని ఎగతాళి చేసినప్పుడు కూడా.

మొన్న గురువారం డాక్టరమ్మ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి, "ఏ పని చేస్తారమ్మా?" అని అడిగింది. మెట్లు తుడుస్తానని చెప్పాలి. నేత అని చెప్పాను. ఎలా కూర్చుంటారంటే ఆ కుర్చీలోనే చూపించాను. కాళ్లు కిందికి దించి, ముందుకు వంగి, చెయ్యి లాగుతూ. ఆమె శ్రద్ధగా చూసింది. రెండు దారుల్లోనూ తీసేది ఒకటేనట, గర్భసంచి, ట్యూబులు, అండాశయాలు. నాలా మొదట్లో దొరికినవాళ్లకు రోగం తిరగబడకుండా చూడటంలో బెజ్జాల దారి ఏమీ తీసిపోదట. కోలుకోవడం మాత్రం బెజ్జాలకు త్వరగా, కోతకు నిదానంగా. ఇంతా చెప్పి, "మీ ఇష్టం చెప్పండి" అన్నది. నేను నోరు తెరిచేలోపు మీ మరిది, "కోసేయండి మేడం" అన్నాడు.

ఆమె ఆయన వైపు చూడలేదు. "అమ్మా, మీరు" అన్నది. అప్పుడు నా నోట వచ్చేసిందక్కా. "మా అక్క పొట్ట నేను సూసినాను" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఉబ్బు, దాని మీద గుడ్డ బిగించి కట్టుకోవడం, రాట్నం, ఒట్టు, అన్నీ. నీ తల మీద వేసిన ఒట్టు నా కోసం తప్పాను. ఏడుస్తూ చెప్పాను. ఆ రోజు నుంచి నీ తలకు ఏమవుతుందోనని పొద్దున లేవగానే భయమేస్తోంది.

మీ మరిది టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుని, "వదినకు అట్లుండాదని నాకు తెలీదు. ఎన్ని మాటలంటిని" అన్నాడు. ఆ తర్వాత, "ఆమె యేది అంటే అదే సెయ్యండి మేడం" అన్నాడు. అన్నీ విని డాక్టరమ్మ నీ గురించే అడిగింది. కోత తర్వాత కొందరికి అలా హెర్నియా వస్తుందట, ఎవరి తప్పూ కాదట. ఎన్నాళ్లయినా సరిచేయొచ్చట, అలాగే వదిలేస్తే పేగు చిక్కుకుని ప్రాణం మీదికి రావచ్చట.

నేను గెలిచాననుకుంటావు. కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు చదివి వినిపించారు. మొదలుపెట్టేది బెజ్జాలతోనే. లోపల అంటుకుపోయి ఉంటే, రక్తం ఆగకపోతే, కోయాల్సి రావచ్చు. "అప్పుడు మిమ్మల్ని లేపి అడగలేం కదమ్మా" అన్నది డాక్టరమ్మ. దానికీ ఒప్పుకున్నట్లే ఆ సంతకం. ఒట్టు తప్పి, మొగుణ్ణి ఏడిపించి తెచ్చుకున్న నా ఇష్టం కూడా చివరికి నా చేతిలో లేదు. మత్తు దిగాక మొదట చెయ్యి పొట్ట మీద పెట్టి చూసుకోవాలి, అంతే. సోమవారం పొద్దున ఆపరేషన్. ఇది నువ్వు చదివేసరికి అయిపోయి ఉంటుంది.

ఖాజాబీ కొడుకు మళ్లీ బెంగళూరు వస్తాడట, అతని చేత కొంచెం శెనక్కాయల పొడి, ఎండు కారం పంపు. బావకు, పెద్దవాళ్లందరికీ నా దండాలు చెప్పు. పిల్లలకు ముద్దులు.

ఇంకొక్కటి. మొన్న ఫోనులో నువ్వు, ఇల్లు కారి నా మగ్గం గుంతలోకి నీళ్లు చేరుతున్నాయి, పూడ్చమంటారా అని అడిగావు. "పూడ్సెయ్ వదినా, ఇంకెవరు నేస్తారు" అన్నాడు మీ మరిది. నేను పక్కనే ఉండి మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాను. పూడ్చొద్దు. నీళ్లు తోడించి పైన బండ వేయించు. బెజ్జాలతో లేస్తే తొందరగా వస్తాను, కోతతో లేస్తే ఆలస్యంగా వస్తాను.

నేను ఒట్టు తప్పినదాన్నే, అయినా నిన్ను ఒట్టు అడుగుతున్నాను. ఈ కాగితాన్నే నా తల అనుకో. దీని మీద చెయ్యి పెట్టి చెప్పక్కా, గుంత పూడ్చనని, నీ పొట్ట డాక్టరుకు చూపించుకుంటానని.

నీ దీవెన కోసం చూసే
నీ చెల్లెలు
సరోజ