టోడెర్ రెండో బెల్టు

చెల్లి సఫ్తాకు, మీ ఇంటి మీద దేవుని చల్లని చూపు ఉండాలి.

ఇటలీ వచ్చాక ఎవరికీ రాయలేదు. నువ్వు పంపిన ఫోటోలో మరిది గవ్రిల్ మా ఆయన రెండో నైలాన్ బెల్టు కట్టుకుని కరెంటు స్తంభం మీదున్నాడు. పక్కింటి ఫోనులో చెప్పే మాట కాదు గనుక కార్డు రాసి కవరులో పెట్టాను.

టోడెర్ స్తంభం మీంచి పడి పోయాక చేసిన నలభయ్యో రోజు ప్రార్థన గుర్తుందా? మేస్త్రీ కోస్టికా గోధుమ ప్రసాదం నములుతూ అందరి ముందూ, "నీ శుభ్రమే కొంప ముంచింది వదినా! బ్లీచింగ్‌లో ఉతికితే బెల్టు తెగదా మరి?" అన్నాడు. గవ్రిల్ కూడా తలూపాడు. నేను దాన్ని ఏనాడూ ఉతకలేదు. రెండు బెల్టులూ కోస్టికా వ్యానులో, యాసిడ్ కారే పాత బ్యాటరీ పక్కనే పడి ఉండేవి. ఆ యాసిడ్ చేసిన చిల్లులకు టోడెర్ ప్యాంట్లు ఎన్ని కుట్టానో! నైలాన్‌కు చిల్లు కనబడదు, బలం మాత్రం పోతుంది.

గవ్రిల్ ఇంటికి రాగానే ఆ బెల్టును ముక్కలుగా కత్తిరించు. అడిగితే, అక్క దీన్ని కూడా బ్లీచింగ్‌లో ఉతికిందట అని చెప్పు. ఆ మాటైతే నమ్ముతాడు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? పిల్లలకు నా ఆశీస్సులు.

కార్డును మేరీమాత పటం వెనక దాచు, గవ్రిల్‌కు చూపకు. తెల్లారితే అతను కోస్టికా వ్యానే ఎక్కాలి.

నీ అక్క,
పరస్కీవా